పొగతోటలో గ్రీన్ కార్డు పేపర్లు చూసే షాపు, నా రివ్యూ (5కి 4)

నెల్లూరులో అమెరికా పేపర్ల పనికి ఎవరి కాడికి పోతే మంచిది అని మా చుట్టాల్లోనే చానామంది అడుగుతా ఉంటారు, ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేకంటే ఒకేసారి వివరంగా రాసేస్తే మేలని కూర్చున్నా, కొంచెం పొడుగ్గానే ఉంటది, ఓపిగ్గా చదవండి. షాపు పొగతోటలో, ఆస్పత్రుల సందుల్లో ఒక మందుల షాపు పైన ఉండాది. బోర్డు మీద జెరాక్స్, డీటీపీ, లామినేషన్, ఆన్‌లైన్ పనులు అని రాసుంటది గానీ షాపుకంటూ పేరేమీ లేదు, అమెరికా అనే మాటే కనపడదు. లోపల రెండు కంప్యూటర్లు, ఒక స్కానర్, గోడ పొడుగునా ర్యాకుల్లో అట్ట ఫైళ్ళు, ఒక్కో ఫైలు మీద ఇంటిపేరు, దాని కింద ప్రయారిటీ డేట్, అంటే పిటిషన్ పడిన తేదీ, క్యూలో వంతు దాన్నిబట్టే. 2006 నుంచి మొన్నమొన్న వేసినవాళ్ళ దాకా వరసగా సర్ది ఉంటాయి.

నడిపే సార్ గవర్నమెంట్ ఆఫీసులో పనిచేసి రిటైర్ అయినాయన. వాళ్ళ సొంత అక్కాచెల్లెళ్ళ పేపర్లు చూసీ చూసీ ఈ పని నేర్చుకున్నారంట. నేను లాయర్ని కాదమ్మా అని మొదటిరోజే చెప్తారు, ఫారాలు నింపడం, కాగితాలు సరిచూడటం, ఎప్పుడు ఏం పంపాలో గుర్తు చెయ్యడం, ఇంతవరకే నా పని అంటారు. అట్టా ముందే గీత గీసి చెప్పేవాళ్ళు ఈ లైన్లో చానా తక్కువ, నాకు ఆయన మీద నమ్మకం కుదిరింది అక్కడే.

మా కేసు ఏందో చెప్తే గానీ మిగతాది అర్థం కాదు. మా అన్న న్యూజెర్సీలో ఉంటాడు, సిటిజన్‌షిప్ వచ్చినాక 2006 ఫిబ్రవరిలో నా పేరు మీద ఐ-130, అంటే అయినవాళ్ళని పిలిపించుకునే పిటిషన్, వేశాడు. తోబుట్టువుల కేటగిరీ, ఎఫ్4 అంటారు. అప్పటికి మా బాబు రెండో క్లాసు, పాప ఇంకా బడికి కూడా పోవట్లా. ఇప్పుడు బాబు బెంగళూరులో ఉద్యోగం చేస్తా ఉండాడు, పాప డిగ్రీ అయిపోయి కూర్చుంది. మధ్యలో అత్తయ్య ప్రతి ఏడూ మొహర్రం అప్పుడు బారాషహీద్ దర్గా రొట్టెల పండక్కి పోయి స్వర్ణాల చెరువులో దిగి విదేశీ రొట్టె పట్టుకొచ్చేది, మా అందరి చేతా తినిపించేది, పని జరిగితే మళ్ళీ నేనే వచ్చి ఇంకొకరికి రొట్టె ఇవ్వాల అని మొక్కుకునేది. ఆమె ఇప్పుడు లేదు. ఆ మొక్కు తీర్చేది నా మీద ఉండాది.

ఇంత లేటు ఎందుకు అవుతుందో మాకు ఎవరూ సరిగ్గా చెప్పలేదు, అదేదో ఫైలు టేబుల్ మీద కూరుకుపోయిందని, అన్న ఇంకొంచెం గట్టిగా అడిగితే కదులుతుందని అనుకునేవాళ్ళం ఇంట్లో. సార్ ఒక తెల్ల కాగితం మీద లెక్క వేసి చూపించారు. ఎఫ్4 కి ప్రపంచం మొత్తానికి కలిపి ఏడాదికి 65,000 వీసాలు, పైకేటగిరీల్లో మిగిలితే కొన్ని కలుస్తాయి. దాంట్లో పిటిషన్ ఉన్న మనిషి ఒక్కరే కాదు, భార్యో భర్తో, పిల్లలు, అందరూ తలా ఒక వీసా కింద లెక్క. నలుగురున్న ఇల్లు నాలుగు నంబర్లు తింటది. దాని మీద మళ్ళీ ఏ దేశానికీ మొత్తంలో 7 శాతం దాటకూడదని ఇంకో నియమం, 1990 చట్టంలోది. మన ఇండియా వాళ్ళు వేసినవి ఎక్కువ, దారి ఇరుకు. అందుకే 2025లో కూడా మన ఎఫ్4 వాళ్ళకి 2006లో వేసినవాళ్ళ వంతే నడిచింది. అంటే దాదాపు 19 ఏళ్ళు. అన్న గట్టిగా అడిగినా మెత్తగా అడిగినా ఒకటే, ఎవడూ ఫైలు తొక్కిపెట్టలేదు, క్యూ అట్టా ఉండాది. ఈ సంగతి తెలిసినాక మా ఆయన, అన్న ఫోన్లో మళ్ళీ మామూలుగా మాట్లాడుకోవడం మొదలుపెట్టారు, అది మాత్రం నేను ఆ సార్‌కి ఎప్పటికీ రుణపడి ఉంటా.

క్యూ పొడుగ్గా ఉండటం ఒక బాధ, ఎంత స్పీడుగా కదులుతుందో తెలీకపోవడం ఇంకో పెద్ద బాధ. ఒక నెల మూడు వారాలు ముందుకొస్తది, తర్వాత నాలుగు నెలలు కదలదు, ఒక్కోసారి వెనక్కి కూడా పోతది. వాళ్ళ లెక్కల సంవత్సరం అక్టోబర్‌లో మొదలై సెప్టెంబర్‌తో అయిపోతది, అందుకని ఆఖరి నెలల్లో ఆ ఏటి వీసాలు అయిపోవస్తే ఆపడమో వెనక్కి జరపడమో చేస్తారు. 2020లో అయితే కరోనాకి మార్చిలో కాన్సులేట్లు మూసేశారు, ఏప్రిల్‌లో ఇమిగ్రెంట్ వీసాలే ఆపేస్తూ ఆర్డర్ వేశారు, అది 2021 ఫిబ్రవరిలో గానీ తీయలేదు. ఆ ఏడాది అంతా మా ఇంట్లో అమెరికా మాటే ఎత్తలేదు ఎవరూ.

ఇట్టా తెలీని ఎదురుచూపు ఇంట్లో ఏం చేస్తదో అనుభవించినోళ్ళకే తెలుసు. మా ఆయనకి రొయ్యల గుంటలు ఉండాయి, లీజు అయిదేళ్ళకి రాయించుకోవాలా రెండేళ్ళకా అని ప్రతిసారీ ఇదే పంచాయితీ, రెండేళ్ళకే రాయించుకుంటా వచ్చాం, ఆ తేడాలో ఎంత డబ్బు పోయిందో లెక్క కట్టబుద్ధి కాదు. పైన స్లాబు వెయ్యాలంటే ఎందుకులే పోతాం గదా అని, పోవడం మాత్రం లేదు. పెళ్ళిళ్ళలో కనిపించిన ప్రతి ఒక్కరూ ఇంకా ఈడే ఉండారే, రాలేదా అని అడగడం. నేను చుట్టాల ఫంక్షన్లకి పోవడం తగ్గించేశా కొన్నాళ్ళు. అన్న కూతురు పెళ్ళికి పోదామని విజిటర్ వీసాకి అప్లై చేస్తే అది కూడా రాలేదు, ఎందుకంటే ఆ ఫారంలో మీ పేరు మీద ఎవరైనా ఇమిగ్రెంట్ పిటిషన్ వేశారా అని ప్రశ్న ఉంటది, ఉన్నది ఉన్నట్టు అవును అని పెట్టాల్సిందే, పెడితే వీళ్ళు పోతే తిరిగి రారేమో అని చూస్తారు. అందరికీ రిజెక్ట్ చేస్తారని కాదు, వచ్చినవాళ్ళు కూడా ఉండారు, మాకు రాలేదు అంతే. మేనకోడలి పెళ్ళి వాట్సాప్ వీడియోలో చూశా.

ఇప్పుడు షాపులో నాకు బాగా నచ్చిన విషయం. ప్రతి నెలా అమెరికా స్టేట్ డిపార్ట్‌మెంట్ వాళ్ళు వచ్చే నెలకి ఏ కేటగిరీలో ఏ తేదీ దాకా వంతు వచ్చిందో చెప్పే వీసా బులెటిన్ పెడతారు గదా, అది రాంగానే సార్ తన దగ్గర ఫైలు ఉన్న ప్రతి ఇంటికీ విడిగా మెసేజ్ పెడతారు. గ్రూపులో అందరికీ కలిపి ఒకటే పారేయడం కాదు, మీ తేదీ ఫలానా, ఈ నెల ఇంతదాకా వచ్చింది, ఈ నెల మీరు చెయ్యాల్సింది ఏమీ లేదు అని. లేకపోతే పాప పాస్‌పోర్ట్ మార్చిలో అయిపోతుంది రెన్యూవల్ వెయ్యండి అని. ఆ "ఈ నెల చెయ్యాల్సింది ఏమీ లేదు" అనే ముక్క చదివినాక ఫోన్ పక్కన పెట్టి మిగతా నెలంతా నా పని నేను చేసుకునేదాన్ని. అంతకుముందు రోజూ రాత్రి పడుకోబోయే ముందు వెబ్‌సైట్లు చూడటం, యూట్యూబ్‌లో ఎవడో వచ్చే నెల రెండేళ్ళు దూకుతుంది అంటే నిద్ర లేకుండా కూర్చోవడం, ఇదే నా బతుకుగా ఉండేది. బులెటిన్ ఎంత కదులుతుందో ముందే చెప్పేవాళ్ళ మాట వినొద్దమ్మా, అది వాళ్ళకీ తెలీదు, నెలకొకసారి వచ్చేదాన్ని నెలకొకసారే చూడు అన్నారు సార్. నా ఆరోగ్యానికి డాక్టర్ రాసిచ్చిన మందులకంటే ఇదే ఎక్కువ పనిచేసింది, నిజంగా చెప్తున్నా.

వాళ్ళు ముందు చేసే పని ఫైల్ చెక్. ఇంట్లో అందరి కాగితాలు టేబుల్ మీద పరిచి పేరు పేరుకీ తేదీ తేదీకీ పోల్చి చూస్తారు. మన తెలుగోళ్ళ పేర్లతో ఎంత తంటా ఉంటదో మీకు తెలుసు, పది సర్టిఫికెట్లో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్ట్‌లో పూర్తిగా, ఆధార్‌లో వెనకాల, పెళ్ళి సర్టిఫికెట్లో ముందర. అదంతా ఒక లిస్టు రాసిచ్చి దేనికి అఫిడవిట్ చాలు, దేనికి సరిచేయించుకోవాల్సిందే అని విడదీసి చెప్తారు. మాకు తేలిన పెద్ద చిక్కు మా ఆయన పుట్టిన ఊరు. ఆయన 1968లో కందుకూరు పక్క పల్లెలో పుట్టారు, అప్పుడది నెల్లూరు జిల్లా. 1970లో ఒంగోలు జిల్లా చేసినప్పుడు అందులోకి పోయింది, 1972లో దానికే ప్రకాశం అని పేరు పెట్టారు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మార్చినప్పుడు మళ్ళీ నెల్లూరులోకి వచ్చింది, అప్పటికి దాని పూర్తి పేరు శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా. పల్లె కదలకుండా అక్కడే ఉంది, పాస్‌పోర్ట్‌లో ప్రకాశం, కొత్తగా తీసిన కాగితంలో నెల్లూరు. ముంబై అమెరికా కాన్సులేట్‌లో కూర్చున్న ఆఫీసర్‌కి ఇదెట్టా తెలుస్తది? సార్ జిల్లాల మార్పు గెజిట్ కాపీలు తీసి పెట్టుకున్నారు, ఒక పేజీలో తేదీలవారీగా వివరణ టైప్ చేసి, నోటరీ చేయించి జత పెట్టించారు. కందుకూరు వైపు వాళ్ళు, గూడూరు వైపు వాళ్ళు ఇది తప్పకుండా చూసుకోండి, గూడూరు కూడా అప్పుడే తిరుపతి జిల్లాలోకి పోయింది.

పుట్టిన సర్టిఫికెట్ గురించి కూడా రెండు ముక్కలు. జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం 1969లో వచ్చింది, అమలు 1970 నుంచి, అంతకుముందు ఇంట్లో మంత్రసాని చేతుల మీద పుట్టినోళ్ళలో చానామందికి ఎక్కడా ఎంట్రీ ఉండదు. వాళ్ళకి రికార్డు లేదు అని ఆఫీసు వాళ్ళే రాసిచ్చే నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్ కావాలి, దాంతోపాటు పది సర్టిఫికెట్, పుట్టుక తెలిసిన పెద్దోళ్ళ అఫిడవిట్లు. ఇక్కడే టైము విలువ తెలుస్తది. మా ఆయన పుట్టుక తెలిసిన మనిషి వాళ్ళ మేనత్త ఒక్కతే మిగిలింది, 80 దాటినాయి. వంతు వచ్చిందాకా ఆగి అప్పుడు చూసుకుందాం అనుకుంటే ఆ సంతకం ఎవరు పెడతారు? సార్ మా తేదీ ఇంకా దూరంలో ఉన్నప్పుడే ఆమె చేత అఫిడవిట్ చేయించి పెట్టించారు. పెళ్ళి రిజిస్ట్రేషన్ కూడా అంతే, మా రోజుల్లో శుభలేఖ, ఫోటోలు తప్ప సర్టిఫికెట్ ఎవరు తీసుకున్నారు, అది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో తీసుకోవాల్సి వచ్చింది. పోలీస్ క్లియరెన్స్ మాత్రం ముందే తీయొద్దు అన్నారు, దానికి రెండేళ్ళే విలువ, మెడికల్ అయితే ఇంటర్వ్యూ డేట్ వచ్చినాకే. ఏది ముందు చేసిపెట్టుకోవాలో ఏది ఆగి చెయ్యాలో ఈ తేడా చెప్పేవాళ్ళు దొరకడమే కష్టం.

పిల్లల వయసు సంగతి చెప్పాలి, ఇది రాసేటప్పుడు నాకు ఇప్పటికీ చెయ్యి ఆడదు. 21 దాటితే పిల్లలు మనతో రాలేరు, పెళ్ళి చేసుకున్నా రాలేరు. కానీ 2002లో వచ్చిన చట్టం ఒకటి ఉండాది, సీఎస్‌పీఏ అంటారు, దాని ప్రకారం మన వంతు వచ్చిన రోజుకి పిల్లల వయసు తీసుకుని, అందులోంచి ఐ-130 అప్రూవ్ అవడానికి పట్టిన కాలం తీసేస్తారు. మా పిటిషన్ 2006 ఫిబ్రవరిలో పడితే 2010 జులైలో అప్రూవ్ అయింది, నాలుగేళ్ళ అయిదు నెలలు. అప్పట్లో అన్న ఇంత లేటేంది అని ఒకటే బాధపడేవాడు. ఆ లేటే ఇప్పుడు పాపని నిలబెట్టింది, వంతు వచ్చేసరికి దానికి 22 నిండినా లెక్క ప్రకారం 18 దగ్గరే. బాబుకి అప్పటికి 26 దాటింది, తీసేసినా 22 వస్తా ఉండాది. వాడు రాలేడు. అప్రూవల్ ఇంకో రెండేళ్ళు లేటైతే వాడు కూడా లోపలికి వచ్చేవాడు, ఆ మాట తలుచుకుంటే కడుపులో తిప్పుద్ది.

సార్ ఆ లెక్క నాలుగుసార్లు వేసి చూశారు, తర్వాత పెన్ను పక్కన పెట్టి, అమ్మా నా లెక్క మీద ఆధారపడొద్దు, దీనికి మాత్రం లైసెన్స్ ఉన్న అమెరికా లాయర్‌కి ఫీజు కట్టి చూపించండి అన్నారు. అన్న అక్కడ ఒక లాయరమ్మకి చూపిస్తే ఆమె కూడా అదే చెప్పింది. బాబు పాత తేదీ నిలబడుతుందా అని కూడా అడిగాం, 2014లో అమెరికా సుప్రీంకోర్టు ఇట్టాంటి పిల్లల విషయంలో కుదరదు అని తీర్పిచ్చిందంట. మేము పోయినాక మళ్ళీ వాడికి మేము కొత్తగా వెయ్యాలి, కొత్త తేదీ, కొత్త క్యూ, మాకు సిటిజన్‌షిప్ వచ్చేలోపు వాడు పెళ్ళి చేసుకుంటే అది కూడా రద్దు. 27 ఏళ్ళ మగపిల్లోడికి పెళ్ళి ఆపుకోమని ఏ తల్లి చెప్తది? మేం చెప్పలేదు. సంబంధాలు చూస్తా ఉండాం. ఎఫ్4 మీద చిన్నపిల్లలతో ఉన్నవాళ్ళు ఈ లెక్క ఇప్పుడే వేయించుకోండి, మీ ఐ-797 కాగితాల (పిటిషన్ గురించి అమెరికా నుంచి వచ్చే నోటీసులు) మీద పిటిషన్ అందిన తేదీ, అప్రూవ్ అయిన తేదీ రెండూ ఉంటాయి, అవి పోగొట్టుకోవద్దు. ఇంకోటి, లెక్కలో లోపలే ఉన్న పిల్లలకి కూడా వంతు వచ్చిన ఏడాదిలోపు ముందడుగు వేసి తీరాలి, ఫీజు కట్టడమో డీఎస్-260 (ఇమిగ్రెంట్ వీసా అప్లికేషన్) వెయ్యడమో, లేకపోతే ఆ రక్షణ పోతది. పాపది సార్ వంతు వచ్చిన నెలలోనే వేయించారు.

అన్న వయసు కూడా ఒక సమస్య అయింది. వేసినప్పుడు మంచి ఉద్యోగం, ఇప్పుడు రిటైర్ అయ్యాడు. ఐ-864 అని స్పాన్సర్ పేపర్ ఉంటది, వాళ్ళ ఇంటి మనుషులు, వచ్చేవాళ్ళు అందర్నీ కలిపి లెక్కేసి, అక్కడి పేదరిక గీతకి 125 శాతం ఆదాయం చూపించాలి. పెన్షన్‌తో చాలక మా మేనల్లుడు జాయింట్ స్పాన్సర్‌గా సంతకం పెట్టాడు, వాడు 2006లో హైస్కూలు పిల్లోడు. మధ్యలో అన్నకి గుండె ఆపరేషన్ అయినప్పుడు ఇంకో భయం పట్టుకుంది, పిటిషన్ వేసిన మనిషి పోతే పిటిషన్ దానంతట అదే రద్దవుతది, తర్వాత మానవతా కారణాల మీద బతికించమని అడుక్కోవచ్చు గానీ ఇస్తారని గ్యారంటీ లేదు. అన్న ఆస్పత్రిలో ఉంటే అట్టాంటి ఆలోచన రావడమే ఎంత పాపంగా అనిపించిందో. సార్‌కి ఆ మాట చెప్తే, అది అందరికీ వస్తదమ్మా, ముందు అన్నతో రోజూ మాట్లాడు, పేపర్ గురించి ఎత్తొద్దు అన్నారు. ఫారాలు నింపే షాపులో ఇట్టాంటి మాట దొరుకుతుందని ఎవరనుకుంటారు.

ఇంకో చోట అయిన అనుభవం కూడా చెప్పాలి, పేరు రాయను. ఏసీ ఆఫీసు, గోడల నిండా జెండాలు, మాకు లోపల మనుషులున్నారు, లక్ష కడితే మీ ఫైలు ముందుకు జరుపుతాం అన్నారు, అడ్వాన్స్ కట్టాం, పోయింది. దయచేసి వినండి, ఎఫ్4 లో మీ తేదీని ముందుకు జరిపే మనిషి నెల్లూరులో లేడు, అమెరికాలో కూడా లేడు. ఎంత పెద్ద లాయరైనా తప్పులు లేకుండా పంపగలడే గానీ క్యూ దాటించలేడు. ఫీజులన్నీ గవర్నమెంట్ సైట్లోనే కట్టాలి, మనిషికి 325 డాలర్లు, స్పాన్సర్ పేపర్‌కి 120, వీసా వచ్చినాక ప్రయాణానికి ముందు మనిషికి 235. రసీదు మన లాగిన్‌లోనే కనపడతది. ఇవి కాక ఎవరైనా స్పెషల్ ఫీజు అంటే లేచి వచ్చేయండి. ఈ షాపులో సార్ మన లాగిన్, పాస్‌వర్డ్ మన చేతే రాయించి మన దగ్గరే ఉంచుతారు, కేస్ నంబర్ మనకే ఇస్తారు. ముంబై కేసులకి ముందు బీఎంబీ అని మూడు అక్షరాలు ఉంటాయి, అది రాసుకుని పెట్టుకోండి. అడ్రస్, ఈమెయిల్ మారితే ఎన్‌వీసీకి (ఇంటర్వ్యూకి ముందు కాగితాలు చూసే అమెరికా వీసా సెంటర్) చెప్పడం మర్చిపోవద్దు, వంతు వచ్చిందని వాళ్ళు కబురు పెట్టినాక ఏడాదిపాటు ఉలుకూ పలుకూ లేకపోతే కేసే మూసేస్తారు. అన్న మొదట్లో ఇచ్చిన ఈమెయిల్ ఎప్పుడో ఆగిపోయింది, సార్ అడగబట్టి మార్పించాం.

నచ్చనివి కూడా ఉండాయి, అందుకే ఒక స్టార్ తగ్గించా. మెట్లు నిటారుగా ఉంటాయి, లిఫ్ట్ లేదు, అఫిడవిట్‌కి పెద్దోళ్ళని తీసుకొస్తే చానా ఇబ్బంది, మా ఆయన మేనత్తని కుర్చీలో కూర్చోబెట్టి పిల్లోళ్ళు మోసుకొచ్చారు. టోకెన్ పద్ధతి లేదు, ముందొచ్చినోళ్ళది ముందు అంటారు గానీ పాస్‌పోర్ట్ అర్జెంట్ అని ఎవరో ఒకరు దూరతానే ఉంటారు, ఆదివారం అయితే నిలబడటానికి కూడా చోటుండదు. సార్ ఒక్కరే అన్నీ చూస్తారు, ఆయన ఊరెళ్తే పని ఆగిపోతది, కంప్యూటర్ కాడ కూర్చునే అబ్బాయి మంచోడే గానీ స్పెల్లింగులు మళ్ళీ మనం చదువుకోవాల్సిందే, డీఎస్-260 సబ్మిట్ కొట్టే ముందు ప్రింట్ తీయించుకుని ఇంట్లో తీరిగ్గా చదవండి, ఒకసారి కొట్టినాక మార్చాలంటే వాళ్ళని అడిగి తెరిపించుకోవాలి. ఫోన్ చేస్తే ఎత్తరు, మెసేజ్ పెడితే రాత్రికి జవాబు ఇస్తారు. ఇన్ని కుటుంబాల కాగితాలు ర్యాకుల్లో తాళం లేకుండా ఉంచడం కూడా నాకు నచ్చలేదు, చెప్పా, బీరువా కొంటానన్నారు, కొన్నారో లేదో పోయినోళ్ళు చూసి చెప్పండి. ఇంకా ముఖ్యంగా, పాత రిజెక్షన్లు, అక్కడ ఓవర్‌స్టే (గడువు దాటి ఉండిపోవడం), పోలీస్ కేసులు ఇట్టాంటివి ఉన్నవాళ్ళకి ఈ షాపు సరిపోదు, నేరుగా లాయర్ దగ్గరికే పోండి, సార్ కూడా అదే చెప్తారు.

ఉద్యోగాల మీద పోయిన పిల్లలకి కూడా ఇక్కడ కొంత సాయం దొరుకుతది. మా వదిన తమ్ముడు డాలస్‌లో ఉండాడు, ఈబీ2 అనే ఉద్యోగాల గ్రీన్ కార్డు కేటగిరీ, 2025లో ఇండియాకి 2013 దగ్గర నడుస్తా ఉంటే వాడిది 2016. వాడి వంతు ఎప్పుడో ఎవరికీ తెలీదు, కంపెనీ వేసిన ఐ-140 పిటిషన్ అప్రూవ్ అయి ఉంది కాబట్టి హెచ్1బీ ఉద్యోగ వీసా మూడేళ్ళకోసారి పొడిగించుకుంటా ఉండాడు. వాడి పుట్టిన సర్టిఫికెట్లో తల్లి పేరు తప్పు పడితే ఇక్కడ సచివాలయంలో, మున్సిపాలిటీలో తిరిగి సరిచేయించింది ఈ షాపు అబ్బాయే. వాళ్ళ నాన్నకి మోకాళ్ళ నొప్పులు, ఆయన తిరగలేడు. అట్టా పిల్లలు అక్కడ, పెద్దోళ్ళు ఇక్కడ ఉన్న ఇళ్ళకి ఇది పెద్ద ఊరట.

రేట్లు చెప్తా. ఫైల్ చెక్ 500, డీఎస్-260 మనిషికి 1,500, అఫిడవిట్ టైపింగ్ 200, నోటరీ ఖర్చు వేరే. నెలనెలా పెట్టే మెసేజ్‌కి డబ్బులు తీసుకోరు. ఫోన్ పే ఉంది, కార్డు లేదు. పని అయినాకే ఇవ్వండి అంటారు, అడ్వాన్స్ ఇస్తానన్నా తీసుకోలేదు. సాయంత్రం 4 నుంచి 8:30 దాకా, మంగళవారం సెలవు. వారం మధ్యలో 4 కే పోతే తీరిగ్గా మాట్లాడతారు.

పోయేటప్పుడు అందరి పాస్‌పోర్టులు, పాతవి కూడా, పది సర్టిఫికెట్లు, ఐ-797 కాపీలు, పెళ్ళి కాగితం తీసుకుపొండి, ఒరిజినల్స్ స్కాన్ చేయించుకుని వెంటనే వెనక్కి తెచ్చుకోండి. మాది ఇప్పుడు కాగితాలన్నీ సరిపోయాయని ఎన్‌వీసీ నుంచి వచ్చింది, ముంబై ఇంటర్వ్యూ తేదీ కోసం చూస్తా ఉండాం. ఈ నెల మెసేజ్ కూడా వచ్చింది, చెయ్యాల్సింది ఏమీ లేదంట. మా ఆయన గుంట లీజు ఈసారి అయిదేళ్ళకి రాయించారు, మేము పోతే బాబు చూసుకుంటానన్నాడు.